చెమ్మ మామయ్య లెక్క తప్పిన నేల

చెమ్మ మామయ్యకు ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉంది. అది తడి. ఎక్కడ చూసినా అది ఉందనీ, పైకి కనపడకుండా కింద నక్కి కూర్చుందనీ, మనం ఆదమరిచిన క్షణం చూసి లేస్తుందనీ ఆయన గట్టి నమ్మకం. నలభై ఏళ్లుగా ఇళ్లల్లో చెక్క నేలలు పరుస్తున్న మనిషి. నలభై ఏళ్లుగా పరచకుండా ఆపుతున్న మనిషి అన్నా తప్పులేదు. ఒక గదికి చెక్క పరచడం ఆయనకి రెండు రోజుల పని. పరచే ముందు ఆ గదిని అనుమానించడం మాత్రం నెల రోజుల పని.

ఆయన సంచీలో సుత్తి ఉంటుందో లేదో గానీ చెమ్మ మీటరు తప్పకుండా ఉంటుంది. అరచేతిలో పట్టే చిన్న డబ్బా. నేలకో చెక్కకో ఆనిస్తే తడి ఎంతుందో అంకె చూపిస్తుంది, ఎక్కువుంటే కీచుమంటుంది. దానికి చలి తగలకుండా చంటిపిల్లల ఉన్ని సాక్సు ఒకటి తొడిగి, దాన్ని చొక్కా జేబులో గుండెకి ఆనించి పెట్టుకుంటాడు. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళితే కూర్చోబోయే ముందు కుర్చీకి ఒకసారి ఆనించి, "ఊఁ, పర్వాలేదు" అని కూర్చుంటాడు. ఒకసారి ప్లేటులో పెట్టిన బిస్కెట్టుకి కూడా ఆనించాడు. అది కీచుమంది. ఆ ఇంటావిడ మళ్లీ ఆయనకి బిస్కెట్లు పెట్టలేదు.

దూరపు బంధువు ఒకాయనకి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడుకుంటే అందరూ పళ్లు పట్టుకెళ్లి పరామర్శించి వచ్చారు. మామయ్య మంచం పక్కన కూర్చుని, దుప్పటి సర్ది, పెద్దగా నిట్టూర్చాడు. "కిందనుంచే వచ్చుంటుందండీ. మొదట్లోనే చూసుకోవాల్సింది" అన్నాడు. రోగికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు దగ్గొచ్చింది, దగ్గుతోపాటు నర్సు వచ్చింది. నర్సు మామయ్యని బయటికి పంపించేసింది.

తొందరపడేవాళ్లకి ఆయనతో పొసగదు. ఒక పళ్ల డాక్టరుగారు నెల రోజులు ఆగలేక వేరే మనిషి చేత రెండు రోజుల్లో నేల వేయించుకున్నాడు. మొదటి వానలకే ఆ చెక్క కింది తడి తాగి, ఉబ్బి, గది మధ్యలో ఒంటె మూపురంలా లేచింది. పడగ్గది తలుపు దాని మీద బిగుసుకుపోయింది. లోపల డాక్టరుగారు, అవతల క్లినిక్కులో ఎదురుచూస్తున్న పేషెంట్లు. లోపలినుంచే ఫోనుచేసి పిలిస్తే మామయ్యే వెళ్లి తలుపు కింది అంచు కోసి ఆయన్ని బయటికి తీశాడు. "నేను ముందే చెప్పానుగా" అంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన ఆ మూపురం మీద చెయ్యివేసి నిమిరాడు. "దీని తప్పేం లేదు పాపం. కింద ఒక షీటైనా వేయకపోతే అది మాత్రం ఏం చేస్తుంది?" అన్నాడు.

ఇలాంటి మనిషిని పిలిచి హాల్లో చెక్క నేల వేయించుకోవాలని ఆయన మేనకోడలు అనుకున్నప్పుడు బంధువుల్లో ఒక్కరూ సంతోషించలేదు.

"వేయించుకో తల్లీ. నువ్వు రిటైరయ్యేలోపు అవుతుందో లేదో ఒకసారి లెక్క చూసుకో" అంది పిన్ని.

మేనకోడలికి లెక్కలు చూసుకునే ఓపిక కూడా లేదు. కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర ఆమె ఉద్యోగం. పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా కిటికీ అవతల జనం "ఎప్పుడొస్తుంది? ఎప్పుడొస్తుంది?" అని అరుస్తుంటారు. "వస్తుందండీ, పని జరుగుతోంది" అని ఆమె చెబుతుంటుంది. ఇంటికొస్తే భర్త. ఆయన బస్సు కండక్టరు. రోజంతా అరిచి వచ్చిన గొంతు ఇంట్లో కూడా దిగదు. ఇంకో పక్క అత్తగారు. ఆమెకి మోకాళ్ల నొప్పులు. హాల్లో పాత టైల్సు మీద అడుగు పెడితే చల్లదనం జివ్వుమని నడుముదాకా ఎక్కుతోందని రెండు జతల సాక్సులు వేసుకుని తిరుగుతోంది. సాక్సులు వేసుకుంటే జారుతుంది. విప్పితే వణుకుతుంది. లేచిపోయిన టైలు ఒకటి కాలికి తగిలి ఒకసారి పడబోయి, గోడ పట్టుకుని బతికింది. ఇంకోసారి గోడ అందకపోవచ్చు. చెక్క నేలయితే పాదానికి వెచ్చగా ఉంటుందని ఎవరో చెప్పారు. అంతే, మేనకోడలు మామయ్యకి కబురు చేసింది.

ఆయన వచ్చాడు. వీధి గుమ్మంలోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లు రెండూ టకటకమన్నాయి. చెంప నేలకి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"మామయ్యా, కాఫీ తాగుతావా?"

"ష్. వింటున్నా."

"ఏం వినబడుతోంది?"

"ఇప్పుడే ఏం చెప్పలేనమ్మడూ. పీకి చూడాలి."

పాత టైల్సు పీకించారు. కొత్తగా కాంక్రీటు పోయించారు. ఇక ఎండాలి. హాల్లో సామానంతా పడగ్గదిలోకీ వంటింట్లోకీ చేరింది. కండక్టరు సోఫాని కూడా అలవాటుకొద్దీ "జరగండి, లోపలికి జరగండి" అంటూనే తోశాడు. ఆ తరవాత చెక్క పలకల కట్టలు వచ్చాయి. వాటిని షెడ్డులో పెట్టడానికి మామయ్య ససేమిరా ఒప్పుకోలేదు.

"అవి ఎక్కడెక్కడి గాలి పీల్చి వచ్చాయో! ముందు ఈ ఇంటి గాలికి అలవాటు పడాలి. లేకపోతే పరిచాక ముడుచుకుంటాయి, లేదా ఉబ్బుతాయి. వాటిని పడుకోబెట్టండి" అన్నాడు.

"ఎక్కడ?" అన్నాడు కండక్టరు.

"మనుషులుండే గదిలో."

పడగ్గదిలో అత్తగారు మంచం మీద పడుకుంటే, పలకలు మంచం పక్కన పడుకున్నాయి. పలకలకీ బీరువాకీ మధ్య మిగిలిన సందులో మొగుడూ పెళ్లాలు పడుకున్నారు. ఒకరు అటు తిరగాలంటే ఇంకొకరిని నిద్రలేపాలి.

ఆ పైన షరతులు. హాల్లోకి తడి తలతో రాకూడదు. తడి గొడుగు గుమ్మం బయటే ఆగాలి. మూత లేకుండా ఏ గిన్నె ఉడకకూడదు. ఆవిరి గోడలెక్కుతుందట. అత్తగారు ఒకసారి ఉడుకుతున్న పాల గిన్నె మూత తీసి చూస్తుంటే హాల్లోంచి కేక వినబడింది.

"చెల్లెమ్మా! మూత!"

"పాలు పొంగుతాయి అన్నయ్యగారూ!"

"పాలు పొంగితే తుడుచుకోవచ్చు. చెక్క పొంగితే ఏం చేస్తారు?"

అత్తగారు మూత పెట్టింది. పాలు పొంగాయి. తుడిచింది కోడలే.

మేనకోడలు రోజూ ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, గుమ్మంలోంచే అడిగేది. "ఎప్పుడవుతుంది మామయ్యా?"

"అవుతుందమ్మా, పని జరుగుతోంది" అనేవాడు ఆయన, బోర్లా పడుకున్న చోటినుంచి లేవకుండా.

తను పొద్దుటినుంచీ జనానికి చెబుతున్న మాట తనకే ఎవరో తిరిగి చెబుతుంటే ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడు బాగా తెలిసింది. ఒకరోజు కిటికీ దగ్గర ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు, బస్సు దొరకలేదు, చెప్పు తెగింది. ఆమె హాల్లో బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. చెప్పకుండానే కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. మామయ్య కంగారుగా పాక్కుంటూ వచ్చాడు.

"ఏమైందమ్మడూ?"

"ఏం లేదు మామయ్యా. అలిసిపోయాను."

ఆయన తల నిమిరాడు. ఆయన కళ్లలో నిజంగానే జాలి ఉంది. "ఏడువమ్మా, ఏడిస్తే తేలికపడతావు. కాకపోతే కాస్త వంటింట్లోకెళ్లి ఏడువు తల్లీ. అక్కడ టైల్సున్నాయి" అన్నాడు.

నెల గడిచాక పరీక్షలు మొదలయ్యాయి. మామయ్య చేసే పరీక్ష చిన్నదే. మూరెడు చదరంగా ప్లాస్టిక్ ముక్క కోసి, నేల మీద పరిచి, నాలుగంచులూ గాలి దూరకుండా టేపుతో అంటిస్తాడు. మర్నాడు విప్పి చూస్తాడు. ప్లాస్టిక్ లోపలివైపు తడి మెరిస్తే, కింద కాంక్రీటు నల్లబడితే నేల ఇంకా పచ్చిది. పొడిగా ఉంటే మీటరు పెట్టి మళ్లీ అనుమానిస్తాడు. హాల్లో అలాంటివి ఆరు అంటించాడు.

"నేలకి ఈ పట్టీలేమిటి అన్నయ్యగారూ?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"జ్వరం చూస్తున్నాను చెల్లెమ్మా."

"దానిక్కాదు, నాకొస్తుంది జ్వరం, ఇంకో వారం ఇలాగే ఉంటే."

అయిదు ముక్కలు పొడిగా వచ్చాయి. ఆరోది, పక్కింటి గోడ పక్కనున్న మూలది, అద్దంలా చెమర్చింది. మర్నాడు మళ్లీ అంటించాడు. మళ్లీ చెమర్చింది. వారం తరవాత కూడా అంతే. మామయ్య మీటరు పట్టుకుని ఆ గోడ వెంబడి అంగుళం అంగుళం పాకాడు. "చెప్పు తల్లీ, చెప్పు" అని బతిమాలుతూ పాకాడు. మీటరు గోడ దగ్గరికి వెళ్లేకొద్దీ గట్టిగా కీచుమంది.

ఆ సాయంత్రం అందరూ ఉన్నప్పుడు అడిగాడు. "ఈ గోడ అవతల ఏముంది బాబూ?"

ఆ ఇళ్లు వరసగా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, మధ్య ఒకటే గోడ. కండక్టరు తినబోతున్న ముద్ద ప్లేటులో పడేశాడు.

"ఆ టైలరు! అద్దెకుంటాడు. పెద్దమనిషని ఊరుకుంటున్నాను గానీ... రెండేళ్లయింది మా మధ్య మాటల్లేక. నా స్కూటరుకి అడ్డంగా సైకిలు పెడతాడు. చూసి పెట్టవయ్యా అంటే చూసే పెట్టానంటాడు. ఏం మామయ్యగారూ, తడి వాడి వైపునుంచి వస్తోందా? వస్తే చెప్పండి. వాళ్ల ఇంటి ఓనరు నాకు తెలుసు. ఎప్పుడు ఖాళీ చేయిద్దామా అని సాకు కోసం చూస్తున్నాడు. నేలంతా పాడైందని నేనొక్క కాగితం రాసిస్తే చాలు, వారంలో సామాను రోడ్డు మీద ఉంటుంది."

మామయ్య మీటరుని సాక్సులోకి దూర్చాడు, జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"ఇంకా చూడాలి బాబూ" అన్నాడు.

మర్నాడు సాయంత్రానికి చూసేసినట్టున్నాడు. కండక్టరు ఇంట్లో అడుగు పెట్టగానే ఎదురెళ్లి, గొంతు సవరించుకుని, ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినని మాట చెప్పాడు.

"తప్పు నాదే బాబూ. ఆ మూల కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోయించాను. నా లెక్క తప్పింది. ఇంకో మూడు వారాలు ఆగాలి."

చెమ్మ మామయ్య తడి లెక్క తప్పడమా! అత్తగారు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కండక్టరు ముందు నమ్మలేదు, తరవాత కోప్పడ్డాడు. ఆ తరవాత ఊరంతా చెప్పుకొచ్చాడు. బస్సులో, డిపోలో, పాలు పోసేవాడితో. "నలభై ఏళ్ల సర్వీసండీ, మా ఇంటికొచ్చేసరికి లెక్క తప్పింది. మా అదృష్టం!" పిన్ని ఫోనుచేసి, "మీ మామయ్యకి వయసైపోయిందే" అని బాధపడింది. ఇదంతా మామయ్య చెవిన పడుతూనే ఉంది. ఆయన తల వంచుకుని ప్లాస్టిక్ ముక్కలు కోసుకునేవాడు.

మేనకోడలు మాత్రం కోప్పడటానికి కూడా ఓపికలేక ఊరుకుంది. ఆ మూడు వారాల్లో ఆయన వాలకం ఇంకా మారింది. రోజూ మధ్యాహ్నం "కాస్త గాలి పీల్చుకొస్తా" అని వెళ్లేవాడట. రెండు గంటల తరవాత చొక్కా చేతులు తడుపుకుని వచ్చేవాడట. తడంటే పడని మనిషి తడిసి రావడం ఏమిటని అత్తగారు అడిగితే, చెమట అన్నాడు. ఈలోగా ఇంట్లో టేబుల్ ఫ్యాను మాయమైంది. అడిగితే రిపేరుకిచ్చానన్నాడు. బాగానే తిరిగే ఫ్యాను రిపేరుకెందుకిచ్చావని అడిగే శక్తి మేనకోడలికి లేదు.

ఒకరోజు కరెంటు ఆఫీసులోనే కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. చీకట్లో ఫిర్యాదులు రాసుకోలేక మధ్యాహ్నానికే అందరినీ ఇళ్లకి పంపేశారు. మేనకోడలు ఇంటికొచ్చేసరికి అత్తగారు పడగ్గదిలో నిద్రపోతోంది. హాలు ఖాళీగా ఉంది. ఆమె ఆ మూల గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. చాలా రోజులకి దొరికిన నిశ్శబ్దం. కళ్లు మూతలు పడుతుండగా గోడ లోపలినుంచి ఒక గొంతు వినబడింది.

"చెప్పు తల్లీ, చెప్పు."

ఆ వెంటనే కీచుమన్న చప్పుడు, చాలా సన్నగా.

ఆమె లేచి పక్కింటికి వెళ్లింది. తలుపు తీసే ఉంది. ముందుగదిలో కుట్టుమిషను, కుర్చీల నిండా సగం కుట్టిన బట్టలు. లోపల వంటింట్లో గిన్నెలు కడిగే సింకు కిందనుంచి రెండు కాళ్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఆ మోకాళ్లు టకటకమనగానే ఎవరివో ఆమెకి తెలిసిపోయింది. పక్కన ముసలి టైలరు టార్చిలైటు పట్టుకుని వంగి నిలబడ్డాడు. లైటు మాత్రం సింకు కింద కాదు, కిటికీ మీద పడుతోంది.

"ఇక్కడేనా అండీ?" అంటున్నాడు టైలరు.

"కొంచెం కిందికి... కొంచెం ఎడమకి... ఇంకొంచెం... పోన్లెండి. తడి నాకు చీకట్లో కూడా కనబడుతుంది" అంది సింకు కిందినుంచి మామయ్య గొంతు.

గోడకి ఎదురుగా స్టూలు మీద తమ ఇంటి టేబుల్ ఫ్యాను తిరుగుతోంది.

మామయ్య బయటికి పాక్కుంటూ వచ్చి మేనకోడల్ని చూశాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా లేచి నిలబడ్డాడు. టైలరు ఆమె ఉన్న వైపు కళ్లు చికిలించి చూసి, "ఎవరమ్మా, కొలతలివ్వడానికి వచ్చావా?" అన్నాడు. రెండేళ్లుగా రోజూ ఎదురుపడే మనిషిని ఆయన పోల్చుకోలేదు. మామయ్య ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి తీసుకొచ్చాడు.

"ఆయనకి చూపు ఆనడం లేదమ్మడూ. రెండు కళ్లకీ శుక్లాలు. ఎవరికీ చెప్పుకోలేదు. తెలిస్తే గుడ్డ ఇచ్చేవాళ్లుండరని భయం. సింకు కింద పైపు ఊడిపోయి ఎన్నాళ్లనుంచో గోడలోకి కారుతోంది. పాపం ఆయనకి కనబడితేగా! ఇల్లు పాతదైపోయి వాసనొస్తోందనుకున్నాడు."

"పైపు ఎప్పుడు బాగుచేశావు?"

"పదహారు రోజులైంది. ఇప్పుడు గోడ ఆరుతోంది. ఇవాళ కాస్త కీచుమంది గానీ గొంతు తగ్గింది."

మేనకోడలికి ఒళ్లు మండింది. "మామయ్యా, మేం ఆ పలకల సందులో ఎలా పడుకుంటున్నామో తెలుసా? నాకు నడుం పట్టేసింది. ఒక్క మాట చెబితే ఏంపోయేది?"

"చెబితే మీ ఆయన కాగితం రాసేవాడు కదమ్మా."

రాసేవాడే. తిని చెయ్యి కడుక్కోకుండా రాసేవాడు.

"మంచివాడే మీ ఆయన. కానీ అలిసిపోయి ఉన్నాడు. అలిసిపోయినవాడి చేతికి కాగితం దొరక్కూడదు. ఇక్కడ ఇల్లు పోతే ఈ కళ్లతో ఆ మిషను ఎక్కడికి మోసుకెళ్తాడమ్మా ఈయన?" అన్నాడు మామయ్య.

"అందుకని నీ లెక్క తప్పిందని చెప్పావా? నువ్వు?"

మామయ్య ముఖం మొదటిసారి వాడిపోయింది. "తప్పలేదమ్మడూ. ఒక్క చుక్క కూడా తప్పలేదు. మీ కాంక్రీటు నెలకే ఎండింది. అంత చక్కగా ఎండిన నేలని ఈ మధ్య నేను చూడలేదు. దాన్ని పట్టుకుని నలుగురిలో పచ్చిదన్నాను. అదొక్కటే మనసుకి కష్టంగా ఉంది."

ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తడిసిన చేతులు, దుమ్ము కొట్టుకుపోయిన మోకాళ్లు, జేబులోంచి తొంగిచూస్తున్న ఉన్ని సాక్సు. ఇన్నేళ్లలో ఎన్ని ఇళ్లల్లో ఇలా "నేల ఇంకా పచ్చిగానే ఉంది" అంటూ ఆపాడో ఈ మనిషి! అందులో ఎన్నిసార్లు నిజంగా నేల పచ్చిగా ఉందో!

"ఇలా ఇంకెవరెవరి తప్పులు నేలల మీద వేశావు మామయ్యా?"

ఆయన మోకాళ్లు దులుపుకున్నాడు. "నేలకి నోరు లేదు కదమ్మా. ఏమన్నా పడుతుంది" అన్నాడు.

ఆ రోజునుంచి మేనకోడలు "ఎప్పుడవుతుంది" అని అడగడం మానేసింది. భర్త అడిగితే తనే "అవుతుందండీ, పని జరుగుతోంది" అనేది. మధ్యలో ఒకరోజు సెలవు పెట్టి, మామయ్యతో కలిసి టైలరుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. దారిలో ఆ పెద్దాయన సిగ్గుపడుతూ, "మీవారి స్కూటరు అక్కడుంటుందని నాకు తెలీదమ్మా. ఏదో నల్లగా కనబడితే చెట్టు నీడనుకున్నాను" అన్నాడు.

మూల ఆరింది. ఆరో ముక్క కింద నేల బూడిదరంగులో, పొడిపొడిగా వచ్చింది. మీటరు నోరెత్తలేదు. మామయ్య మూడుసార్లు ఆనించాడు. నాలుగోసారి చెంప ఆనించి, లేచి, "తెండి" అన్నాడు.

అలిసిపోయిన ఇంట్లో ఒక్కసారిగా కదలిక వచ్చింది. ముందు నేలంతా దళసరి ప్లాస్టిక్ షీటు పరిచాడు. ఒక షీటు మీదికి ఇంకో షీటు జానెడు ఎక్కేలా వేసి, అతుకులన్నీ టేపుతో మూసి, అంచులు గోడ మీదికి నాలుగు వేళ్లెత్తు లేపాడు. కిందినుంచి ఏ చెమ్మ వచ్చినా అక్కడే ఆగాలి. దాని మీద మెత్తటి ఫోము పొర. దాని మీద చెక్క. కండక్టరు పలకలందిస్తూ, "గోడకి ఇంత సందు వదిలారేం? ఇది కూడా లెక్క తప్పిందా మామయ్యగారూ?" అన్నాడు.

"వానాకాలంలో చెక్క కాస్త ఒళ్లు విరుచుకుంటుంది బాబూ. దానికి చోటుండాలి. ఆ సందు మీద రేపు చెక్క పట్టీ వేస్తే కనపడదు."

"ఏమో మరి, మీరు ఒకసారి తప్పారు కదా!"

"అవును బాబూ, తప్పాను" అన్నాడు మామయ్య, పలకకి పలక బిగిస్తూ. మేనకోడలు పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగింది.

రెండో రోజు మధ్యాహ్నానికి పని అయిపోయింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని ఒక జత సాక్సులు విప్పింది. ఆలోచించి, రెండో జత కూడా విప్పింది. గోడ పట్టుకుని ఒక అడుగు వేసింది. గోడ వదిలేసి ఇంకో అడుగు వేసింది. అటు చివరిదాకా వెళ్లి, తిరిగి ఇటు వచ్చి, మళ్లీ అటు వెళ్లింది.

"వెచ్చగా ఉందిరా అబ్బాయ్" అంది.

కండక్టరు గొంతు మొదటిసారి తగ్గింది. "మెల్లగా అమ్మా" అన్నాడు. మేనకోడలు ఆ నేల మీద వెల్లకిలా పడుకుంది. అయిదు నిమిషాలు నడుం వాల్చి లేద్దామనుకుంది. రెండు గంటలు నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.

టైలరు మామయ్యకి ఏదో ఒకటి ఇవ్వాలని పట్టుబట్టాడు. ఆపరేషను అయ్యాక చూద్దాం లెండి అన్నా వినలేదు. నీలం గుడ్డ తీసి, చేత్తో తడిమి కొలతలు తీసుకుని, ఆపరేషనుకి వెళ్లే ముందు రోజే ఒక చొక్కా కుట్టి ఇచ్చాడు. మామయ్య అది వేసుకుని, నేల ఎలా ఉందో చూసి వెళదామని మేనకోడలింటికి వచ్చాడు. చొక్కా కుడి చెయ్యి మణికట్టు దాకా ఉంది. ఎడమ చెయ్యి వేళ్లు దాటి వేలాడుతోంది. మడత కూడా పెట్టుకోలేదు. జాగ్రత్తగా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు.

కండక్టరు ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు. "అదేం చొక్కా మామయ్యగారూ! ఎవడండీ ఆ దిక్కుమాలిన టైలరు?"

మేనకోడలు పక్కింటి గోడ వైపు చూసింది.

మామయ్య వేలాడుతున్న ఎడమ చేతిని పైకెత్తి, వెలుతురులో తిప్పి, ఎంతో అపురూపంగా చూసుకున్నాడు.

"టైలరు తప్పేం లేదు బాబూ. కొలత ప్రకారమే కుట్టాడు" అన్నాడు. "గుడ్డలో చెమ్మ ఉంది. సాగింది."